రేడియేటరులో రాయి

ఏప్రిల్, మే నెలలలో అనంతపురం సీమలో ఏ రోడ్డు మీద పోయినా ఒక దృశ్యం కనిపిస్తుంది. టమోటా బాక్సులో, చీనీకాయలో నింపుకొన్న పికప్ బండి ఒకటి కానుగచెట్టు క్రింద ఆగి ఉంటుంది. దాని బానెట్ ఎత్తి ఉంటుంది. లోపలి నుండి ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. డ్రైవరు తలగుడ్డతో ముఖం తుడుచుకుంటూ దూరంగా నిలబడి, క్లీనరు పిల్లవానితో "అబ్బీ, ఆ బోరు కాడికి పోయి ఒక క్యాను నీళ్ళు పట్టుకరాపో" అంటాడు. నీళ్ళు వస్తాయి. బండి కాస్త చల్లబడగానే వాటిని రేడియేటరులో పోస్తారు. బండి కదులుతుంది. పది రోజులకు మరో చెట్టు క్రింద మళ్ళీ ఆగుతుంది.

ఎందుకిట్లా అయిందని అడిగితే "ఎండ" అంటారు. ఎండ పాత్ర కొంత ఉన్న మాట నిజమే. కాని అసలు దోషి చాలాసార్లు ఆ క్యానులోనే ఉంటాడు. మన బోరు నీళ్ళు రేడియేటరులోకి పోయి రాయిగా మారుతున్నాయి! ఇది ఎట్లా జరుగుతుందో, ఆ నీళ్ళకు బదులు పోయవలసిన కూలెంట్ అనే ద్రవం ఏమిటో, దానిని ఇంటి దగ్గరే ఎట్లా మార్చుకోవచ్చునో ఈ నెల తెలుసుకుందాం. పిల్లలూ, బండి పని పెద్దవారిది. మీరు ప్రక్కన ఉండి చూడండి, లెక్కలు వేయండి. అవసరమైతే వారిని ఆపండి కూడా. ఎక్కడ ఆపాలో ముందు ముందు చెబుతాను.

వేడి ఎక్కడికి పోతుంది?

ఒక లీటరు డీజిలు మండితే సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ళ శక్తి వెలువడుతుంది. ఇందులో ఉజ్జాయింపుగా మూడవ వంతు మాత్రమే చక్రాలను త్రిప్పే పనికి వస్తుంది. ఇంకొక మూడవ వంతు పొగగొట్టం గుండా బయటకు పోతుంది. మిగిలిన మూడవ వంతు, అంటే సుమారు 1 కోటి 20 లక్షల జౌళ్ళు, ఇంజిన్ లోహానికి అంటుకుంటుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4,180 జౌళ్ళు కావాలని మీరు చదివారు కదా. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవాలంటే కిలోకు 2,92,600 జౌళ్ళు. భాగించి చూడండి: 41 వస్తుంది. అంటే బండి ఒక్క లీటరు డీజిలు త్రాగిన ప్రతిసారీ, రెండు పెద్ద బిందెల నీళ్ళను సలసల మరిగించేటంత వేడిని ఇంజిన్ నుండి తోడి పారవేయాలి. తోడకపోతే పిస్టన్ వ్యాకోచించి సిలిండరులో బిగుసుకుపోతుంది.

మోటారు వాహనాలు పుట్టిన నాటి నుండి ఈ తోడే పని తలనొప్పిగానే ఉన్నది. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో రేడియేటరు లేదు. ఇంజిన్ చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోవడమే దాని శీతలీకరణ. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్లకు పైగా, ఆ బండిలో వెళ్ళింది. దారి పొడుగునా ఎక్కడ నీరు దొరికితే అక్కడ ఆగి పోసుకుంటూనే పోయింది. మన కానుగచెట్టు డ్రైవరుకు ఆమె పెద్దమ్మ వంటిదన్నమాట! తరువాత 1900 ప్రాంతంలో విల్హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు ఎనిమిది వేలకు పైగా సన్నని గొట్టాలను తేనెపట్టు లాగా పేర్చి రేడియేటరును తయారుచేశాడు. గాలి తగిలే వైశాల్యం విపరీతంగా పెరిగింది. అందుచేత కొద్దిపాటి నీరే మళ్ళీ మళ్ళీ తిరిగి పని చేయగలిగింది.

నేటి బండిలోనూ అదే పద్ధతి. నీళ్ళ పంపు ద్రవాన్ని ఇంజిన్ దిమ్మెలోని కాలువల గుండా నెడుతుంది. ద్రవం వేడెక్కి పై హోసు గొట్టం ద్వారా రేడియేటరుకు వస్తుంది. అక్కడి సన్నని గొట్టాలలో దిగుతూ ఫ్యాను గాలికి చల్లబడి, క్రింది హోసు గుండా మళ్ళీ ఇంజిన్‌లోకి పోతుంది. దారిలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. అందులో మైనం వంటి పదార్థం ఉంటుంది. సుమారు 80, 85 డిగ్రీల దగ్గర అది కరిగి వ్యాకోచించి తలుపును తెరుస్తుంది. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా ద్రవాన్ని రేడియేటరుకు పోనివ్వకుండా ఆపడమే దాని పని. "మాది వేడి దేశం, మాకెందుకిది" అని కొందరు దీనిని పీకి పారేయిస్తారు. అది తెలివైన పని కాదు. చల్లని ఇంజిన్‌లో డీజిలు సరిగా మండదు, అరుగుదల ఎక్కువ.

ఇక ఎండ సంగతి. రేడియేటరు గాలికి ఇచ్చే వేడి, ద్రవానికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ద్రవం 95 డిగ్రీల దగ్గర ఉన్నదనుకోండి. డిసెంబరు ఉదయం గాలి 20 డిగ్రీలైతే తేడా 75. మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలైతే తేడా 53 మాత్రమే. అదే రేడియేటరు, అదే ఫ్యాను ఎండాకాలంలో 100కు 70 పాళ్ళే పని చేస్తాయి. మంచి రేడియేటరు ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. లోపల రాయి పట్టిన రేడియేటరు తట్టుకోలేదు.

బోరు నీరు రాయి కావడం

2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయి. పడిన కొద్ది వాన గ్రానైటు రాళ్ళ పగుళ్ళలోకి ఇంకి, అక్కడ ఏళ్ళ తరబడి నిలిచి, రాతిలోని లవణాలను కరిగించుకుంటుంది. ఆ నీటినే మనం వందల అడుగుల లోతు నుండి తోడుకుంటున్నాం. దానిలో సబ్బు నురగ రాదు. కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కాచే గిన్నె లోపల పళ్ళ మీది గార లాంటి తెల్లని పొర పడుతుంది. ఇదే కఠిన జలం.

గిన్నెలో జరిగే చర్య మీ పాఠంలోనిదే. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటు, నీరు, కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. కాల్షియం కార్బొనేటు నీటిలో కరగదు కనుక గోడకు అంటుకుంటుంది. సున్నపురాయి, నాపరాయి, గుడ్డు పెంకు అన్నీ ముఖ్యంగా ఈ పదార్థమే. గిన్నెలో పొర పడితే తోమవచ్చు. రేడియేటరు గొట్టంలోకి వేలు కూడా పట్టదే!

త్రాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మన బోరులో లీటరుకు 500 మిల్లీగ్రాములు, అంటే అర గ్రాము ఉన్నదనుకుందాం. రేడియేటరులోనూ ఇంజిన్‌లోనూ కలిపి 6 లీటర్లు పడితే ఒకసారి నింపినప్పుడు లోపలికి పోయే లవణం 3 గ్రాములు. ఒక చెంచా కూడా కాదు. ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది.

అయితే అసలు మోసం ఇక్కడ ఉన్నది. నీరు ఆవిరై పోయేటప్పుడు లవణాన్ని వెంట తీసుకుపోదు. వట్టి నీరు మాత్రమే పోతుంది, లవణం లోపలే మిగిలిపోతుంది. పోయిన నీటికి బదులు మళ్ళీ బోరు నీరు పోస్తాము, అది మళ్ళీ కొంత లవణాన్ని తెస్తుంది. చేనులో చౌడు పేరుకొనేది కూడా ఇట్లాగే కదా. రోజుకు అర లీటరు చొప్పున ఏడాదిలో 300 రోజులు పోశారనుకోండి. మొత్తం 150 లీటర్లు. లీటరుకు అర గ్రాము చొప్పున 75 గ్రాముల లవణం. ఇదంతా రాయి కాదు. బైకార్బొనేటు భాగం ముందు గార కడుతుంది, క్లోరైడుల వంటివి ద్రావణంలోనే ఉండి లోహాన్ని తింటాయి. అయినా రెండు మూడేళ్ళకు ఆ సన్నని గొట్టాలు ఏమవుతాయో ఊహించండి. మొదటిసారి నింపిన నీటి కంటె రోజూ పోసే అర లీటరే ప్రమాదకారి అన్న సంగతి చాలామంది గమనించరు.

గార ఎంత పలుచగా ఉన్నా వేడికి పెద్ద అడ్డు. ఉష్ణవాహకతలో రాగి 400 అనుకుంటే అల్యూమినియం 200 పైచిలుకు, పోత ఇనుము 50 ప్రాంతం, ఈ సున్నపు గార ఒకటి రెండు మాత్రమే! ఒక మిల్లీమీటరు గార, ఇరవై ముప్ఫై మిల్లీమీటర్ల మందం పోత ఇనుము వలె వేడిని అడ్డుకుంటుంది. అది అన్నిటికంటె వేడిగా ఉండే చోట, అంటే సిలిండరు హెడ్ దగ్గర, ముందుగా పడుతుంది.

చీనీ తోటలున్నవారికి డ్రిప్ పైపుల రంధ్రాలు ఇట్లాగే మూసుకుపోవడం, వాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలి శుభ్రం చేయడం తెలుసు. "అదే ఆసిడ్ రేడియేటరులో పోస్తే?" అన్న ఆలోచన వస్తుంది. పెద్దవారిని మీరు ఆపవలసిన మొదటి చోటు ఇది. డ్రిప్ పైపు ప్లాస్టిక్, ఆమ్లం దానిని ఏమీ చేయదు. నేటి రేడియేటర్లు చాలావరకు అల్యూమినియంవి. ఆమ్లం గారను కరిగించి ఊరుకోదు, హైడ్రోజన్ బుడగలు విడుస్తూ లోహాన్నీ తినేస్తుంది. గార తీయడానికి సిట్రిక్ ఆమ్లం వంటి మెత్తని ఆమ్లాలతో చేసిన ఫ్లష్ ద్రవాలు దొరుకుతాయి. గార దట్టంగా ఉంటే రేడియేటరు మేస్త్రీకి ఇవ్వడమే మేలు.

నీటి కంటె కూలెంట్ ఏమి గొప్ప?

కూలెంట్‌లో ముఖ్య పదార్థం ఎథిలీన్ గ్లైకాల్. ఇది రంగులేని, చిక్కని ద్రవం. ఆకుపచ్చ, గులాబి, నారింజ రంగులు కంపెనీలు కలిపేవి. దీనిని నీటితో సగం సగం కలిపితే ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డ కట్టదు. చలి దేశాలలో దీని అసలు ప్రయోజనం అదే. నీరు మంచుగా మారేటప్పుడు వ్యాకోచించి ఇంజిన్ దిమ్మెనే పగులగొడుతుంది. అనంతపురంలో ఆ భయం లేదు. పైగా వేడిని మోయడంలో ఈ మిశ్రమం నీటి కంటె తక్కువదే. కిలోకు డిగ్రీకి నీరు 4,180 జౌళ్ళు మోస్తే ఇది సుమారు 3,500 మాత్రమే మోస్తుంది. మరి మనకెందుకు?

మొదటి కారణం, మరగడం. మామూలు వాతావరణ పీడనంలో సగం సగం మిశ్రమం 106, 107 డిగ్రీల దాకా మరగదు. దీనికి రేడియేటరు మూత తోడవుతుంది. ఆ మూత వట్టి మూత కాదు, ప్రెషర్ కుక్కరు వెయిటు వంటిది. లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పెరిగేదాకా స్ప్రింగు దానిని తెరుచుకోనివ్వదు. ఆ పీడనంలో నీరే 120 డిగ్రీల దాకా మరగదు. మిశ్రమమైతే ఇంకా పైకి పోతుంది. మరగకుండా ఉండడం ఎందుకంత ముఖ్యం? లోహానికి ద్రవం అంటుకొని ఉన్నంతవరకే వేడి చకచకా పోతుంది. మధ్యలో ఆవిరి పొర వచ్చిందా, అది దుప్పటి కప్పినట్లే. రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన మెర్లిన్ ఇంజిన్లలో మొదట దాదాపు శుద్ధ గ్లైకాల్‌నే వాడారు. తరువాత పీడనం సాయంతో 70 పాళ్ళు నీరు, 30 పాళ్ళు గ్లైకాల్‌కు మారారు. నీరు వేడిని మోస్తుంది, గ్లైకాలూ పీడనమూ దానిని మరగనివ్వవు. ఆ బేరం ఈనాటి పికప్ బండిలోనూ నడుస్తున్నది.

రెండవ కారణం మన సీమకు ఇంకా ముఖ్యం. ఇంజిన్‌లో పోత ఇనుము, అల్యూమినియం, కొన్నిటిలో రాగి, టంకం ఉంటాయి. రెండు వేరు వేరు లోహాలను ఉప్పునీటిలో ముంచితే ఏమవుతుంది? ఘటం తయారవుతుంది! మీరు ప్రయోగశాలలో చేసినదే. ఆ ఘటంలో ఒక లోహం నెమ్మదిగా కరిగిపోతుంది. ఇంజిన్‌లో అల్యూమినియం అట్లా కరిగి చిల్లులు పడుతుంది, ఇనుము త్రుప్పు పడుతుంది. ఆ త్రుప్పు, గార కలిసి గొట్టాలకు అడ్డం పడతాయి. కూలెంట్‌లో త్రుప్పును నిరోధించే పదార్థాలు కొద్ది పాళ్ళలో కలుపుతారు. అవి లోహం మీద కంటికి కనపడని పలుచని పొరగా ఏర్పడి కాపాడతాయి. కాలం గడిచేకొద్దీ అవి ఖర్చయిపోతాయి. గ్లైకాల్ ఉన్నా ఇవి అయిపోతాయి కనుకనే కూలెంట్‌ను మార్చవలసి వస్తుంది. కొన్ని రకాలకు రెండేళ్ళు, కొన్నిటికి ఐదేళ్ళు గడువు ఉంటుంది. బండి పుస్తకంలో చూడాలి. రంగును చూచి రకాన్ని నిర్ణయించరాదు, ఏ కంపెనీ ఏ రంగైనా వేసుకోవచ్చు. రెండు రకాలను కలపనూ రాదు.

ఇంటి దగ్గర మార్చడం

బండిని రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లవారి సమతలంగా ఉన్న చోట పని మొదలుపెట్టడం అన్నిటికంటె మంచిది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. కొన్ని బండ్లలో ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంజిన్ ఆగి ఉన్నా తిరగగలదు.

వేడిగా ఉన్న బండి మూత తీయబోతే, పెద్దవారిని ఆపవలసిన రెండవ చోటు అది. ఎందుకో లెక్క చెబుతుంది. లోపల 6 కిలోల నీరు 110 డిగ్రీల దగ్గర పీడనంలో ఉన్నదనుకోండి. మూత తీయగానే పీడనం పోతుంది. నీరు 100 డిగ్రీలకు దిగాలి. ఆ పది డిగ్రీల వేడితో నూరు గ్రాములకు పైగా నీరు ఒక్క పెట్టున ఆవిరవుతుంది. అది సుమారు 180 లీటర్ల ఆవిరి! మిగిలిన మరిగే నీటిని కూడా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. రోడ్డు ప్రక్కన తొందరపడి చేతులు, ముఖం కాల్చుకొన్న డ్రైవర్లు ఊరికి ఒకరిద్దరుంటారు. పై హోసును తాకితే చల్లగా ఉండాలి, పిసికితే మెత్తగా ఉండాలి. అప్పుడు మందపాటి గుడ్డ వేసి మూతను కొద్దిగా త్రిప్పి, బుస్సుమనే చప్పుడు లేదని చూచుకొని తీయాలి.

తరువాత రేడియేటరు క్రింద బేసిన్ పెట్టి అడుగున ఉన్న డ్రెయిన్ మర విప్పాలి. మర లేకపోతే క్రింది హోసు క్లిప్పు వదులు చేయాలి. వచ్చే ద్రవాన్ని చూడండి. త్రుప్పు రంగులో వస్తే లోపల ఇనుము పోతున్నదన్నమాట. పాలు కలిపినట్లో, నూనె జిడ్డుతోనో వస్తే ఇంజిన్ ఆయిల్ కలుస్తున్నదని అనుమానించాలి. అప్పుడు పని అక్కడికి ఆపి మెకానిక్కుకు చూపించాలి.

మర బిగించి, మంచి నీరు నింపి, ఇంజిన్‌ను పై హోసు వేడెక్కేదాకా నడిపి, మళ్ళీ పూర్తిగా చల్లారనిచ్చి తీసివేయాలి. నీరు తేరుకొని వచ్చేదాకా ఇట్లా రెండు మూడుసార్లు చేయాలి. ఇందుకు ఒక పూట పడుతుంది. ఓపిక లేనివారు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. వేడి ఇంజిన్‌లో చల్లని నీరు పోస్తే హెడ్ పగిలే ప్రమాదం కూడా ఉన్నది. చివరిసారి కడిగేది స్వేదన జలంతో కావాలి. అదేనండీ, బ్యాటరీ నీళ్ళు. బ్యాటరీ ఆసిడ్ కాదు సుమా, సీసా మీది చీటీ చదివి కొనండి!

చివరి కడుగుడుకు స్వేదన జలమే ఎందుకు? మర విప్పినప్పుడు రేడియేటరు ఖాళీ అవుతుంది కాని ఇంజిన్ దిమ్మెలోని నీరంతా రాదు. ఇక్కడ ఒక లెక్క వేయకపోతే పని చెడుతుంది. బండికి మొత్తం 7 లీటర్లు పడుతుందని పుస్తకంలో ఉన్నదనుకోండి. మీరు పట్టిన బేసిన్‌లో కొలిస్తే 4.5 లీటర్లే వచ్చింది. అంటే 2.5 లీటర్ల నీరు లోపలే ఉన్నది. సగం సగం కావాలంటే మొత్తంలో 3.5 లీటర్లు చిక్కని కూలెంట్ ఉండాలి. కనుక ముందు 3.5 లీటర్ల కూలెంట్ పోసి, తరువాత ఒక్క లీటరు స్వేదన జలం పోయాలి. ఇది తెలియక బయటనే సగం సగం కలిపి పోస్తే ఏమవుతుంది? 4.5 లీటర్లలో కూలెంట్ 2.25 లీటర్లే. ఏడు లీటర్లకు అది నూటికి 32 పాళ్ళు మాత్రమే అవుతుంది. కొన్ని డబ్బాలలో ముందే నీరు కలిపి అమ్ముతారు. వాటిలో మళ్ళీ నీరు కలపరాదు. చీటీ మీద ఏమున్నదో చదవాలి.

పోసేటప్పుడు నిదానంగా పోయాలి. లోపల గాలి చిక్కుకొంటే అది హెడ్ దగ్గర చేరి అక్కడ చల్లదనం లేకుండా చేస్తుంది. ఉష్ణోగ్రత చూపే మీటరు కొన ఆ గాలిలో ఉంటే ముల్లు అబద్ధం చెబుతుంది. కొన్ని బండ్లలో గాలి తీయడానికి ప్రత్యేకంగా చిన్న మర ఉంటుంది. లేకపోతే మూత పెట్టకుండా, ముఖం దూరంగా పెట్టుకొని, ఇంజిన్‌ను మెల్లగా నడపాలి. పంచె, తువ్వాలు, ఆడవారి కొంగు ఫ్యాను బెల్టు దగ్గరికి రానీయరాదు. కొంతసేపటికి పై హోసు గబుక్కున వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నదన్నమాట. అప్పుడు మట్టం దిగుతుంది, బుడగలు వస్తాయి. మరి కొంత పోసి, బుడగలు ఆగిన తరువాత మూత బిగించాలి. ప్రక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు గీతల మధ్యకు నింపాలి. ద్రవం వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఈ డబ్బాలోకి పొంగుతుంది, చల్లారినప్పుడు మూతలోని రెండవ కవాటం గుండా తిరిగి లోపలికి పోతుంది. అందుచేత ఇక ప్రతిరోజూ పోయవలసిన అవసరం ఉండదు. రోజూ తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. దానికి మందు క్యాను నీళ్ళు కాదు, కారే చోటు వెతకడం.

తియ్యని విషం

బేసిన్‌లో మిగిలిన పాత కూలెంట్ సంగతి చివరకు చెబుతున్నాను కాని ఇది మొదట గుర్తుండవలసినది. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. రంగు చూస్తే సర్బత్తు లాగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, దూడలు త్రాగుతాయి, చిన్నపిల్లలు రుచి చూస్తారు. పెద్దవారికే నూరు మిల్లీలీటర్లు, అంటే అర గ్లాసు, ప్రాణం తీయగలదు. పిల్లలకు ఇంకెంత తక్కువ చాలునో ఆలోచించండి. కడుపులోకి పోయిన గ్లైకాల్‌ను మన కాలేయం మెల్లగా ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది రక్తంలోని కాల్షియంతో కలిసి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలుగా మూత్రపిండాలలో పేరుకుంటుంది. బోరు నీరు బండి గొట్టాలలో రాయి అయితే, కూలెంట్ మన గొట్టాలలో రాయి అవుతుంది. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో దగ్గు, జలుబు సిరప్పులలో ఎథిలీన్ గ్లైకాల్, దాని దగ్గరి చుట్టమైన డైఎథిలీన్ గ్లైకాల్ కలిసి ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. అక్కడ సుమారు 70 మంది పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు.

కాబట్టి కూలెంట్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం కనపడితే, పెద్దవారిని ఆపవలసిన మూడవ చోటు అదే. పాత కూలెంట్‌ను మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, దాని మీద పెద్ద అక్షరాలతో "విషం" అని వ్రాసి, అందని చోట పెట్టి, దానిని తీసుకొనే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి. గాడిలో, కుంటలో, పశువుల తొట్టి దగ్గర పోయరాదు. నేల మీద ఒలికితే ఇసుకతో అద్ది తీసివేయాలి. ఎవరైనా త్రాగినట్లు అనుమానం వస్తే, మనిషి బాగానే ఉన్నట్లు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డబ్బాను కూడా వెంట తీసుకుపోతే డాక్టరుకు విషం ఏదో తెలుస్తుంది.

మీరు చేయండి

ఒక సీసాలో మీ బోరు నీరు, మరొక సీసాలో వాన నీరు సమంగా తీసుకొని, ఒక్కొక్క చుక్క చొప్పున సబ్బు ద్రావణం వేస్తూ కుదపండి. నిలిచే నురగ రావడానికి ఏ సీసాకు ఎన్ని చుక్కలు పట్టాయో వ్రాసుకోండి. బోరు నీటిని పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడపోసి మళ్ళీ చేయండి. చుక్కలు తగ్గితే ఆ తగ్గినంత తాత్కాలిక కాఠిన్యం. గిన్నె అడుగున పడిన తెల్లని పొర మీద నిమ్మరసం పిండి చూడండి. వచ్చే బుడగలు ఏ వాయువు?

ఒక బండికి మొత్తం 9 లీటర్లు పడుతుంది. మర విప్పితే 6 లీటర్లే వచ్చాయి. సగం సగం మిశ్రమం కావాలంటే చిక్కని కూలెంట్ ఎంత, స్వేదన జలం ఎంత పోయాలి? జవాబు వచ్చే నెల.